శ్రీలంక తూర్పు తీరంలో హెర్మెస్ ఓడ – 22 డైవ్‌ల అనుభవంతో దిగొచ్చా?

భీమిలి_అల · జనవరి 18, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మాది విశాఖ, వన్‌టౌన్. రెండేళ్ళ కిందట అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ అనే మొదటి డైవింగ్ కోర్సు చేశాను, నిరుడు దాని పై కోర్సు అడ్వాన్స్‌డ్ అయింది. మొత్తం 22 డైవ్‌లు. ఎక్కువలో ఎక్కువ 28 మీటర్లు దిగాను.

ఈ ఏడాది మట్టక్కళప్పు వెళ్ళాలని ఉంది. మ్యాపుల్లో బాటికలోవా అని ఉంటుంది. ఆ ఊరి ఎదుట సముద్రంలో హెర్మెస్ అనే బ్రిటిష్ విమాన వాహక నౌక పడి ఉంది. 1942 ఏప్రిల్ 9న జపాను విమానాలు ముంచేశాయి.

నాకు అదే ఓడ ఎందుకంటే మా అమ్మమ్మ వల్ల. దానికి మూడు రోజుల ముందు, ఏప్రిల్ 6న, జపాను వాళ్ళు మన విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశారు. అప్పటికి అమ్మమ్మకి తొమ్మిదేళ్ళు. హార్బరు వైపు చప్పుళ్ళు వినబడగానే పొయ్యి మీద పప్పు అలాగే వదిలేసి, ఇంటికి తాళం కూడా వెయ్యకుండా బండి కట్టించుకుని చోడవరం వెళ్ళిపోయారట. నెల తర్వాత తిరిగొస్తే ఆ పప్పు గిన్నె అడుగున నల్లగా గట్టిపడి ఉందట. తొంభై దాటాయి, ఇప్పటికీ ఆ గిన్నె సంగతే చెబుతుంది. చిన్నప్పట్నుంచి విన్న ఆ వారం రోజుల కథలో చేత్తో ముట్టుకోగలిగింది ఒక్కటైనా చూడాలని నా కోరిక.

ఒక డైవ్ సెంటరుకి మెసేజ్ పెట్టాను. "అడ్వాన్స్‌డ్ ఉంది కదా, ఒక సిలిండర్ చాలు, పైభాగం చూసి వచ్చేద్దాం" అన్నారు. నిజంగా వెళ్ళొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

దోహా_కరీంనగర్ · జనవరి 18, రాత్రి 10:47

తమ్మీ, వద్దు. ఆ మెసేజ్ పెట్టినోళ్ళతోని ఇంకేం మాట్లాడకు.

నాది గల్ఫ్‌ల పదకొండేండ్ల నౌకరీ. సెలవు దొరికితే ఈజిప్టు పోయి ఎర్రసముద్రంల దిగుత. థిసిల్‌గార్మ్ అని ఓడ ఉంటది, నువ్వు వినే ఉంటవు. 1941 అక్టోబర్ 6 రాత్రి జర్మనోళ్ళ బాంబులకు మునిగింది. అడుగు 30 మీటర్లు. లోపల లారీలు, లారీల మీద బీఎస్ఏ మోటార్ సైకిళ్ళు వరుసగ నిలబెట్టి ఉంటయ్. ఒక బండి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టకుంట జానెడు దూరంల టార్చి పట్టి చూసిన. టైరు మీద గీతలు గూడ కనబడ్తయ్. పక్కనే రబ్బరు బూట్ల కుప్ప. ఎవరి కాళ్ళకో పోవాల్సిన బూట్లు ఎనభై ఏండ్లసంది గట్లనే ఉన్నయ్. అది చూసినంక నాకు రెండు రోజులు మాట రాలే.

ఇగ అసలు సంగతి. అప్పుడు నాకు 30 డైవ్‌లు. మా గైడు అయిదుగురిని ఒక్క తాడుకు ఒప్పజెప్పినట్టు లోపలికి తీస్కపోయిండు. నా దగ్గర ఒక్కటే టార్చి. ముందటోడు ఫిన్ను గట్టిగ కొట్టిండు, అడుగున ఉన్న మెత్తటి మట్టి లేచింది. చెయ్యి మొహం ముందట పెడితె కనబడ్తలేదు. గాలి ఎంతుందో చూపే గేజ్ చూద్దామంటె అది గూడ కనబడలే. ఎంతసేపయిందో తెల్వది, నాకైతె గంట అనిపించింది, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌ల తర్వాత చూస్తె మూడు నిమిషాలు. ఇంకో గుంపు టార్చి వెలుగు పైన పచ్చగ కనబడితె దాని దిక్కు పోయి బయటపడ్డ. అది 30 మీటర్ల లోతు, మస్తు మంది దిగే ఓడ. హెర్మెస్ గట్ల గాదు.

నీటి_వైద్యం · జనవరి 19, ఉదయం 6:30

నేను వృత్తిరీత్యా డాక్టర్‌ని, డైవింగ్ పదిహేనేళ్ళుగా. భీమిలి గారూ, మీ కోరిక నాకు అర్థమైంది. అందుకే లెక్కతో చెబుతాను.

హెర్మెస్ పడి ఉన్న అడుగు 53 మీటర్ల దగ్గర. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ ఒక బార్ పీడనం పెరుగుతుంది, నీటి పైన గాలి పీడనం ఒక బార్ కలిపితే అక్కడ 6.3 బార్లు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషి అక్కడ 126 లీటర్లు పీలుస్తాడు. 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్లకి నింపితే 2400 లీటర్లు. భాగించి చూడండి, పందొమ్మిది నిమిషాల్లో ఖాళీ. అందులోనే దిగాలి, పైకి రావాలి, ఆగాల్సిన చోట్ల ఆగాలి, ఎదుటివాడికి గాలి అయిపోతే వాడికీ ఇవ్వాలి. కుదరదు. భయపడ్డ మనిషి నిమిషానికి 20 లీటర్లతో ఊరుకోడు, నలభై కూడా లాగుతాడు.

రెండోది మత్తు. ఆ లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ తలకెక్కుతుంది. తాగినవాడికి తాను తాగినట్టు తెలియనట్టే, గేజ్‌లో 50 అని చూస్తారు కానీ దానర్థం బుర్రకెక్కదు. "నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) వాడతాను" అనేవాళ్ళూ ఉంటారు. అది ఇంకా ప్రమాదం. 32 శాతం నైట్రాక్స్‌తో అక్కడికి దిగితే ఆక్సిజన్ పీడనం 2 బార్లు దాటుతుంది. మనం పెట్టుకునే హద్దు 1.4. అక్కడ మూర్ఛ వస్తే నోట్లోంచి గాలి అందించే రెగ్యులేటర్ జారిపోతుంది.

హెర్మెస్‌కి వెళ్ళేవాళ్ళు హీలియం కలిపిన ట్రైమిక్స్‌తో, వీపున జంట సిలిండర్లతో, పైకొచ్చేటప్పుడు ఆగే చోట్ల పీల్చే డీకో సిలిండర్లు పక్కన పెట్టుకుని దిగుతారు. అడుగున ఇరవై నిమిషాలు ఉంటే పైకి రావడానికి అంతకు మించి పడుతుంది. అడ్వాన్స్‌డ్ కార్డు హద్దు 30 మీటర్లు, డీప్ స్పెషాలిటీ చేసినా 40. మీకు దారి మూసుకుపోలేదు, ముందు మెట్లు ఉన్నాయి అంతే.

పాత_పత్రాలు · జనవరి 19, మధ్యాహ్నం 1:05

చరిత్ర విషయంలో నాలుగు మాటలు చేరుస్తాను. విశాఖ మీదికి వచ్చిన విమానాలూ హెర్మెస్‌ని ముంచిన విమానాలూ ఒకే దండయాత్రలోవే అయినా ఒకే దళానివి కావు. బంగాళాఖాతంలో సరుకు ఓడల మీద పడ్డది ఒజావా దళం. అందులోని ర్యుజో అనే చిన్న వాహక నౌక నుంచి లేచిన విమానాలే విశాఖ, కాకినాడల మీదికి వచ్చాయి. సింహళం వైపు వెళ్ళింది నగుమో దళం, పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది అదే. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం కొలంబో మీద పడి, అదే రోజు డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూజర్లని ముంచింది. 9న ట్రింకోమలీ.

హెర్మెస్ గురించి అందరూ "మొదటి విమాన వాహక నౌక" అని రాసేస్తుంటారు. అడుగు దూలం (కీల్) వేసిన నాటి నుంచి విమానాల కోసమే గీసి మొదలుపెట్టిన మొదటి ఓడ అది, 1918లో. కట్టడం సాగి సాగి 1924 దాకా కొలువులోకి రాలేదు. ఈలోగా 1922లో జపాను వాళ్ళ హోషో కొలువులోకి వచ్చేసింది. మొదలుపెట్టడంలో ముందు, పూర్తికావడంలో వెనక.

దాడి జరుగుతుందని తెలిసి 8వ తేదీ రాత్రే ఓడని ట్రింకోమలీ నుంచి బయటికి పంపేశారు. దాని విమానాలు మాత్రం ఒడ్డునే ఉండిపోయాయి. విమానాలు లేని విమాన వాహక నౌక! హరునా అనే యుద్ధనౌక నుంచి వచ్చిన గస్తీ విమానం కంటపడింది. పైనుంచి నిటారుగా దూకి బాంబులు వేసే డైవ్ బాంబర్ విమానాలు దాదాపు ఇరవై నిమిషాల్లో ముంచేశాయి. కెప్టెన్ ఆన్‌స్లోతో సహా 307 మంది పోయారు. వెంట ఉన్న ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాంపైర్, కాస్త దూరంలో హాలీహాక్ అనే చిన్న యుద్ధనౌక, ఎథెల్‌స్టేన్, బ్రిటిష్ సార్జెంట్ అనే రెండు టాంకర్లు కూడా అదే రోజు పోయాయి. వీటా అనే ఆసుపత్రి ఓడ దగ్గర్లో ఉండబట్టి వందల మంది బతికారు. దాని జోలికి జపాను పైలట్లు పోలేదు.

విశాఖ మ్యూజియంలో నాడు మన ఊరి మీద పడ్డ జపాను బాంబు ఉంది. అమ్మమ్మ గారిని ఎప్పుడైనా తీసుకెళ్ళారా?

తులసికోట · జనవరి 19, సాయంత్రం 5:40

నాకు ఈతే రాదు, ఈ చర్చ మా అబ్బాయి చూపిస్తే చదివాను. మనసులో మాట అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మూడొందల మంది చనిపోయిన చోటికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి ఫొటోలు తీసుకోవడం తప్పనిపించదా? అది శ్మశానం కదా. మా ఊళ్ళో శ్మశానం పక్కనుంచి వెళ్ళేటప్పుడు మాటలు కూడా ఆపేస్తాం.

జాలరిపేట_కుర్రోడు · జనవరి 19, రాత్రి 8:22

అమ్మా, మీరు అడిగింది మంచి ప్రశ్నే. మాది జాలరిపేట, మా తాత, నాన్న అందరూ వేటకే. సముద్రం అడుగున ఓడ పడున్న చోటు మాకు పేపరు మీద ఉండదు, కొండ గుర్తు మీద ఉంటాది. డాల్ఫిన్స్ నోస్ కొన మీద లైట్‌హౌసు ఒకపక్క, ఇంకోపక్క ఫలానా గుడి, రెండూ ఎక్కడ కలుత్తాయో అక్కడ వల తగులుకుంటాది అని తాత చెప్పీవోడు. అలాంటి చోటికి ఎల్లినప్పుడు ముందు గంగమ్మకి దండం పెట్టి, పసుపు కుంకుమ నీళ్ళలో ఏసి, అప్పుడు గేలం దింపీవోరు. చేప ఎక్కువ దొరికీది అక్కడే. చచ్చిపోయినోళ్ళ చోటని ఎల్లకుండా ఉండలేదు, అలాగని మర్యాద తప్పి ఎల్లనూ లేదు.

నాను ఇప్పుడు డైవ్‌మాస్టర్‌గా పన్జేత్తన్నాను. నా మట్టుకు నాకు లెక్క ఒకటే. చూడు, ఏటీ ముట్టుకోకు, ఏటీ తేకు. ఎముక కనబడితే కెమెరా దించెయ్యి. లంగరు ఓడ మీద వెయ్యకు.

దోహా_కరీంనగర్ · జనవరి 19, రాత్రి 9:15

లంగరు మాట మంచిగ చెప్పినవ్ అన్నా. థిసిల్‌గార్మ్ మీద పడవలు సీదా ఓడ రేకులకే తాళ్ళు కడ్తయ్. అలలకు పడవ లాగినప్పుడల్ల రేకు చినుగుతది. మోటార్ సైకిళ్ళ మీది చిన్న చిన్న సామాన్లు గూడ పీక్కపోయిన్రు, ఒకప్పటి ఫొటోలతోని పోలిస్తె కడుపు తరుక్కపోతది. టార్పెడో పడితె ఒక్కసారే మునిగింది, మనోళ్ళు రోజూ ఇంత ముంచుతున్నరు.

పాత_పత్రాలు · జనవరి 19, రాత్రి 9:31

చిన్న సవరణ, థిసిల్‌గార్మ్‌ని ముంచింది టార్పెడో కాదు, హైంకెల్ విమానం వేసిన బాంబులు. మీ మొదటి పోస్టులో సరిగానే రాశారు. లంగరు తాళ్ళ విషయంలో మీతో నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తాను.

గాలె_రోడ్డు · జనవరి 20, ఉదయం 11:18

కొలంబోలో ఉద్యోగం, తొమ్మిదేళ్ళయింది. సొంతూరు తెనాలి. తూర్పు తీరం బాగా తిరిగినవాణ్ణి కాబట్టి పనికొచ్చేవి చెబుతాను.

మొదటిది కాలం. మనకి ఈశాన్య రుతుపవనం వచ్చే నెలల్లో అక్కడ సముద్రం అల్లకల్లోలం. ఏప్రిల్ చివర నుంచి సెప్టెంబర్ దాకా తూర్పు తీరం ప్రశాంతంగా ఉంటుంది. జనవరి ప్రయాణానికి టిక్కెట్లు కొనకండి. కొలంబో ఫోర్టు స్టేషన్ నుంచి మట్టక్కళప్పుకి రాత్రి రైలుంది, తెల్లారేసరికి దింపేస్తుంది. ఊళ్ళో అంతా తమిళం. మద్రాసులో నాలుగు రోజులున్నవాళ్ళకి ఇబ్బంది ఉండదు.

రెండోది, మీకు సరిపడే ఓడ. పైన పాత పత్రాల వారు పేరు చెప్పారు చూడండి, బ్రిటిష్ సార్జెంట్. పాసికుడా దగ్గర. అదే రోజు, అదే విమానాల చేతిలో మునిగిన టాంకర్. లోతు 25 మీటర్ల దగ్గర. మధ్యకి విరిగి తలకిందులుగా పడి ఉంది. మీ కార్డుకి సరిపోతుంది. మీ కథకీ సరిపోతుందనుకుంటాను.

పగడాల కోసమైతే ట్రింకోమలీ పక్కన పావురాల దీవి ఉంది. జనం ఎక్కువ, పగడం బాగా దెబ్బతింది, అయినా నల్లమచ్చల రెక్క ఉన్న చిన్న సొరచేపలు మోకాలి లోతులో తిరుగుతుంటాయి. మనుషులు పెద్దగా పోని దిబ్బ కావాలంటే దక్షిణాన కిరిందా ఎదుట గ్రేట్ బాసెస్. సింహళ భాషలో మహా రావణ కోట అంటారు. ఏడాదిలో మార్చి, ఏప్రిల్ నెలల్లో కొద్ది వారాలే దిగనిస్తుంది, మిగతా కాలమంతా ప్రవాహం. 1873లో కట్టిన రాతి లైట్‌హౌసు సముద్రం మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. 1961లో ఆ దిబ్బ మీద ఔరంగజేబు కాలపు వెండి రూపాయల ఓడ దొరికింది. సూరత్ టంకశాల నాణేలు, హిజ్రీ 1113 అని ముద్ర, అంటే 1702. గోల్కొండ పడిపోయిన పదిహేనేళ్ళకి అచ్చయిన రూపాయలు. సంచులు చివికిపోయినా నాణేలు సంచి ఆకారంలోనే ముద్దలుగా అతుక్కుని ఉన్నాయట.

ఒక పక్కదారి చెప్పి ఆపుతాను. మట్టక్కళప్పు నుంచి దక్షిణంగా అక్కరైపట్టు వైపు వెళ్తే అలికంబే అనే ఊరుంది. అహికుంటకులు, అంటే పాములాడించే కులం వాళ్ళు, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు. వాళ్ళ మాట మొదటిసారి విన్నప్పుడు రోడ్డు మీదే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డైవ్ అయ్యాక విమానం ఎక్కే ముందు ఎలాగూ ఒక రోజు ఖాళీగా ఉండాలి కదా, అక్కడికి వెళ్ళండి.

నీటి_వైద్యం · జనవరి 20, మధ్యాహ్నం 2:10

విమానం మాట వచ్చింది కాబట్టి: వరసగా రోజులు డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. నేనైతే 24 ఆగుతాను. డైవింగ్ బీమా లేకుండా బయల్దేరకండి. ట్రింకోమలీ నేవీ వాళ్ళ దగ్గర డైవింగ్ జబ్బుకి చికిత్స చేసే పీడన చాంబర్ ఉంది, మీరు వెళ్ళే వారంలో అది పనిచేస్తోందో లేదో ముందే కనుక్కోమని సెంటరు వాళ్ళని అడగండి. జవాబు నీళ్ళు నమిలితే ఆ సెంటరు వద్దు. జలుబు ఉంటే మాత్ర వేసుకుని దిగకండి. మాత్ర ప్రభావం అడుగున దిగిపోతే చెవిలో గాలి పైకొచ్చేటప్పుడు ఇరుక్కుంటుంది.

కాకినాడ_కాజా · జనవరి 20, రాత్రి 7:55

మన విశాఖ దగ్గరే పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ జలాంతర్గామి ఉంది కదా, దాని దగ్గరికి డైవ్ ఎవరైనా తీసుకెళ్తారా?

జాలరిపేట_కుర్రోడు · జనవరి 20, రాత్రి 8:30

లేదు బాబూ. దగ్గర దగ్గర 100 మీటర్ల లోతు. పైగా 1971 డిసెంబర్‌లో అందులో పోయినోళ్ళు అందులోనే ఉన్నారు, నేవీ దాన్ని కదపనివ్వదు. శత్రువులైనా సరే, సముద్రంలో పోయినోడు సముద్రంలో పోయినోడే. జలాంతర్గామి లోపల ఎలా ఉంటాదో చూడాలంటే ఆర్కే బీచ్‌లో కుర్సురా ఎక్కి చూడు.

భీమిలి_అల · జనవరి 20, రాత్రి 10:02

అందరికీ చేతులెత్తి దండం. ఆ మెసేజ్ పెట్టిన సెంటరుకి వద్దని రాసేశాను. మే చివర్లో సార్జెంట్‌కి వెళ్తున్నాను. ఈలోపు హేవ్‌లాక్‌లో డీప్ స్పెషాలిటీ చేసి, రెండో టార్చి కొంటాను. తులసికోట అమ్మా, మీ మాట మనసులో పెట్టుకుంటాను.

భీమిలి_అల · జూన్ 7, రాత్రి 9:48

వెళ్ళొచ్చాను. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, రాయడానికి కూర్చున్నప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

సార్జెంట్ మీద రెండు రోజుల్లో మూడు డైవ్‌లు చేశాను. మొదటి రోజు నీళ్ళు పచ్చగా, మబ్బుగా ఉన్నాయి. తాడు పట్టుకుని దిగుతుంటే 15 మీటర్ల దాకా ఏమీ లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా కింద ఏదో కొండలా నల్లగా కనబడింది. అది ఓడ పొట్ట. తలకిందులుగా ఉంది కాబట్టి మనం ముందు చేరేది దాని అడుగుభాగానికి. పార చేపల గుంపు ఒకటి మా చుట్టూ రెండుసార్లు తిరిగి, విరిగిన చోటి గుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు. గైడు చెయ్యి ఊపి రమ్మన్నాడు, నేను వద్దని చెయ్యి ఊపాను. దోహా అన్న రాసిన ఆ మూడు నిమిషాలు గుర్తొచ్చాయి.

విరిగిన అంచు దగ్గర రేకు మీద, రేకుల్ని బిగించే ఇనుప రివెట్ల వరస ఉంది. ఒక్కో తలా రూపాయి బిళ్ళంత. కొన్నింటి మీద గవ్వపురుగులు, కొన్నింటి మీద ఎర్ర స్పాంజి. ఒకచోట ఏడు రివెట్లు వరసగా ఏమీ పట్టకుండా శుభ్రంగా ఉన్నాయి, ఎనిమిదో దాని చోట కన్నం. ఆ కన్నంలోంచి వేలెడంత చేప తల బయటపెట్టి నన్ను చూస్తోంది. ముట్టుకోలేదు. ముట్టుకోవాలని బయల్దేరిన నేను, తీరా అక్కడికి చేరాక చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాను.

నాలుగో రోజు ఇంకో సంగతి జరిగింది. మా సెంటరులోనే ఇద్దరు టెక్నికల్ డైవర్లు హెర్మెస్‌కి వెళ్తున్నారు. పడవలో చోటుంటే నేనూ వస్తానని, దిగనని అడిగాను. సరేనన్నారు. చివరికి హెర్మెస్ మీదికి వెళ్ళాను, నీళ్ళ పైన. వాళ్ళు దిగాక పడవలో పడవ నడిపే ఆయనా నేనూ మిగిలాం. ఆయన తమిళంలో ఏదో చెప్పి టీ పోశాడు. బుడగలు కాసేపు కనబడ్డాయి, తర్వాత అవీ లేవు. ఒడ్డు సన్నటి గీతలా ఉంది. గంటా పావు తర్వాత, పైకొస్తున్నామని డైవర్లు గుర్తుగా వదిలే నారింజ రంగు గొట్టం నీళ్ళ మీద లేచి నిలబడింది. అప్పటిదాకా నేను ఊపిరి సరిగ్గా పీల్చలేదేమో. వాళ్ళలో ఒకాయన మాస్కు తీసి మొదట అన్న మాట, ఫిరంగి గొట్టం ఇంకా తిన్నగానే ఉందని. ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

అలికంబే కూడా వెళ్ళాను. ఒక ముసలమ్మ "నీది యే వూరు" అంది. ఆ మాట గురించి వేరే పోస్టు రాస్తాను.

తులసికోట · జూన్ 8, ఉదయం 7:20

బాబూ, అమ్మమ్మ గారు ఏమన్నారు?

భీమిలి_అల · జూన్ 8, రాత్రి 9:05

ఫోన్లో రివెట్ల ఫొటో చూపించానమ్మా. చాలాసేపు చూసింది. "ఇందులో వంటగది ఎక్కడుండేది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పాత పత్రాల గారూ, ఆ టాంకర్ నమూనా పటం ఎక్కడైనా దొరుకుతుందా?

పాత_పత్రాలు · జూన్ 8, రాత్రి 11:40

1922లో కట్టిన ఓడ అది. అదే కంపెనీకి ఆ కాలంలో అదే తరహా టాంకర్లు చాలా ఉండేవి, వాటి పటాలు వెతుకుతాను. ఆ రకం ఓడల్లో వంటగది సాధారణంగా వెనక వైపు, ఇంజను గది పక్కన ఉండేది. మీరు చూసిన విరిగిన చోటు ఓడకి ముందు వైపా, వెనక వైపా? కంప్యూటర్‌లో దిక్కు నమోదై ఉంటే పంపండి, పటం మీద గుర్తుపెట్టి ఇస్తాను.